అమెరికా ‘ఆకురాలు కాలం’ సెంటు నల్లగొండ అక్టోబరులో ఎందుకు కంపు కొట్టింది?

తర్వాత చదివేవాళ్ళకు కూడా అర్థం కావాలని నీ ప్రశ్నను ముందు నాలుగు ముక్కల్లో చెప్తాను చెల్లె. నువ్వు ఉండేది నల్లగొండ. అమెరికాలో ఇంట్లోనే కొద్దికొద్దిగా సెంట్లు తయారుచేసి అమ్మే ఒకామె దగ్గర మూడు శాంపిల్ శీసాలు తెప్పించుకున్నావు. ఒక్కొక్కటి 1 ఎంఎల్, నూనె సెంట్లు. అందులో ఒకటి ఆకురాలు కాలం సెంటు. తడిసిన ఆకులు, కట్టెల పొగ, ఆపిల్, ఓక్ మాస్, ఎండుగడ్డి అని రాసి ఉంది. సద్దుల బతుకమ్మనాడు సాయంత్రం మెడకూ చేతులకూ పూసుకొని పానగల్ చెరువు దగ్గరికి పోయావు. గంటలోపే తడిసిన గోనెసంచి, కాలిన కరెంటు స్విచ్చి కలిసినట్టు వాసన వచ్చింది. మీ అమ్మ అయితే ‘బీరువా వెనక ఎలుక చచ్చిందేమో చూడు’ అన్నది. సెంటు పాడైందా, మోసపోయానా అని అడుగుతున్నావు. ఈ సీజను సరుకు నవంబరుతో అయిపోతుందట, పెద్ద సీసా ఇప్పుడే కొనాలా వద్దా అనేది మూడో ప్రశ్న.

పాడవలేదు. మోసం కూడా కాదు. పెద్ద సీసా మాత్రం ఇప్పుడు కొనకు. శీసా మూత గట్టిగా పెట్టి, చీకటిగా ఉండే అరలో దాచు. పుష్యమాసం దాకా దాన్ని ముట్టుకోకు. ఎందుకో కొంచెం వివరంగా చెప్తాను.

నేను జడ్చర్ల దగ్గర ఒక మందుల కంపెనీలో పద్దెనిమిదేళ్ళు క్వాలిటీ కంట్రోల్ ల్యాబులో పనిచేశాను. వాసనల పిచ్చి అంతకన్నా పాతది, దర్గాల దగ్గర అత్తరు అమ్మే పెట్టెల ముందు నిలబడినప్పటి నుంచి ఉంది. నీకు జరిగిందే నాకూ జరిగింది, ఇంకా ఘోరంగా. 2014 అక్టోబరులో ఇలాంటిదే పొగ సెంటు ఒకటి, అదీ పరాయి దేశంలో చిన్నగా చేసుకునేవాళ్ళదే, ధారాళంగా పూసుకొని అచ్చంపేటలో దేవరకొండ బస్సెక్కాను. మధ్యాహ్నం రెండు గంటలు, కిటికీ పక్క సీటు, ఎండ నేరుగా చెయ్యి మీద. డిండి దాటామో లేదో వెనక సీటు పెద్దమ్మ లేచి ‘సారూ, ఏదో వైరు కాలుతున్నది జూడుండ్రి’ అని అరిచింది. డ్రైవర్ బస్సు పక్కకు ఆపి బానెట్ ఎత్తి చూశాడు. జనమంతా దిగారు. కాలుతున్నది నేనే అని చెప్పే ధైర్యం లేక నేను కూడా దిగి, అందరితోపాటు ఇంజన్ వైపు అనుమానంగా చూస్తూ నిలబడ్డాను. అదే సెంటును జనవరిలో, తెల్లవారుజామున, స్వెట్టర్ చేతి మీద ఒక్క చుక్క రాసి మళ్ళీ చూశాను. ఊళ్ళో పొద్దుగాల నీళ్ళ పొయ్యి ముందు కూర్చున్నట్టే ఉంది. సెంటు అదే, శీసా అదే.

మొదటి కారణం వేడి. సెంటులో పదుల కొద్దీ పదార్థాలుంటాయి. కొన్ని ఇట్టే ఆవిరవుతాయి, కొన్ని నిదానంగా. మామూలు లెక్కన పది డిగ్రీల వేడి పెరిగితే ఆవిరయ్యే వేగం సుమారు రెట్టింపు అవుతుంది. తయారుచేసినామె ఆ సెంటును చూసి, సరిచేసి, ‘ఇది కుదిరింది’ అనుకున్నది పది పన్నెండు డిగ్రీల చలిలో, ఉన్ని కోటు మీద. నువ్వు పూసుకున్నది ముప్ఫై డిగ్రీలు దాటిన రోజున, చెమట పట్టిన మెడ మీద. అక్కడ అరపూట పరుచుకోవాల్సింది ఇక్కడ అరగంటలో ఒక్కసారిగా మీద పడింది. ఆపిల్ లాంటి తేలిక వాసనలు నువ్వు గడప దాటకముందే ఎగిరిపోయి ఉంటాయి. మిగిలింది మట్టి, పొగ, పాచి. అవి కూడా ఒకదాని వెనక ఒకటి రాలేదు, గుంపుగా వచ్చాయి.

స్విచ్చి కాలిన వాసన అని రాశావే, ఆ పోలిక భలే పట్టావు. పొగ వాసన కోసం ఇలాంటి సెంట్లలో ఎక్కువగా బిర్చ్ చెట్టు బెరడు నుంచి తీసిన తారు వాడతారు. కట్టెపొగకు ఆ వాసననిచ్చే గ్వాయకాల్ లాంటివి ఫినాల్ జాతి పదార్థాలు. పాతకాలపు నల్ల స్విచ్చులు చేసే బేకలైటు కూడా ఫినాల్‌తోనే తయారవుతుంది. ఫినాయిల్ వాసనా ఆ బంధువర్గానిదే. అందుకే పొగ సెంటు మోతాదు మించితే ఒకరికి ఆసుపత్రి వరండా, ఇంకొకరికి కాలిన స్విచ్చి గుర్తొస్తాయి. ముక్కు తప్పు చెప్పలేదు, మోతాదే తప్పింది.

రెండో కారణం నాకు ఇంకా ఇష్టమైనది. ఇంగ్లీషువాళ్ళ ‘ఆటమ్’ అనే మాటకు మనం ఒకసారి శరదృతువు అంటాం, ఒకసారి ఆకురాలు కాలం అంటాం. రెండూ ఒకటేననుకుంటాం. మన దగ్గర ఆ రెండింటికీ మధ్య నాలుగు నెలల దూరం ఉంది. శరత్తు అంటే ఆశ్వయుజం, కార్తీకం. చెరువులు నిండుగా ఉంటాయి, తంగేడు పూస్తుంది, గునుగు తెల్లగా ఊగుతుంది, చెట్టు మీద ఒక్క ఆకు కూడా రాలదు. ఆకు రాలేది శిశిరంలో, మాఘ ఫాల్గుణాల్లో. అప్పుడు మన్ననూరు దాటి ఫర్హాబాద్ వైపు పోయి చూడు. అమ్రాబాద్ అడవంతా బోడిగా ఉంటుంది, టేకాకు కాలికింద అప్పడంలా విరుగుతుంది, మోదుగ ఒక్కటే ఎర్రగా మండుతుంటుంది. ఆ అడవిలో వచ్చేది దుమ్ము వాసన, ఎండిన బెరడు వాసన, ఇంకొన్నాళ్ళు పోతే ఇప్పపువ్వు తీపి. కుళ్ళిన ఆకు వాసన మాత్రం రాదు. మన చెట్టు నీళ్ళు చాలక ఆకు రాలుస్తుంది. ఆ రాలిన ఆకుకూ తడి దొరకదు కాబట్టి అది కుళ్ళదు, పొడి అవుతుంది. వాళ్ళ చెట్టు చలికి, పొద్దు తగ్గినందుకు రాలుస్తుంది. కింద నేల తడిగా ఉంటుంది. ఆకు నానుతుంది, బూజు పడుతుంది, పుట్టగొడుగులు లేస్తాయి. ఆ శీసాలో ఉన్న తడి ఆకు అది.

ఆ వాసన మనకు అసలు తెలియదా అంటే, బాగా తెలుసు. కాకపోతే వేరే నెలలో. శ్రావణంలో నల్లమలలోని మల్లెలతీర్థం జలపాతం మెట్లు దిగేటప్పుడు పాత ఆకులన్నీ వానకు నాని అచ్చం అదే వాసన వస్తుంది. అంటే వాళ్ళ తడి ఆకు మనకు శ్రావణంలో దొరుకుతుంది, వాళ్ళ చలిమంట పొగ పుష్యంలో, వాళ్ళ రాలిన ఆకు ఫాల్గుణంలో. ఆమె తన ఒక్క నెలను శీసాలో పోసి పంపింది, అది నీ ముక్కుకు మూడు కాలాలై తగిలింది. పైగా నువ్వు పొద్దంతా బతుకమ్మ పేర్చి వచ్చావు. చేతులనిండా బంతిపూల ఘాటు. బంతి ఎంత మొండి వాసనో తెలుసు కదా, సెంట్ల తయారీలో దాని నూనెను చుక్క లెక్కన వాడతారు. దాని మీద పొగ, పొగ మీద తడి మట్టి. ఎలుక ఒక్కటే తక్కువ, దాన్ని మీ అమ్మ చేర్చింది.

ఇక ఆ సెంటులో రాసిన వాటిలో చాలావాటికి చుట్టాలు మీ వంటింట్లో, మీ పొలంలో ఉన్నాయి. ముందు వాటి వాసన చూసి ముక్కును సిద్ధం చేసుకో.

ఓక్ మాస్ అంటే పేరులో నాచు ఉన్నా అది నాచు కాదు, ఓక్ చెట్ల బెరడు మీద పెరిగే లైకెన్, అంటే బూజు జాతి, పాచి జాతి కలిసి ఒక్కటిగా బతికేది. బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వు కూడా లైకెనే. చిటికెడు రాతిపువ్వు నలిపి, గోరువెచ్చటి నీళ్ళు నాలుగు చుక్కలు చల్లి వాసన చూడు. నువ్వు గోనెసంచి అన్నది ఇదే కావచ్చు.

తడి మట్టి వాసనకు మూలం జియోస్మిన్. మట్టిలో ఉండే స్ట్రెప్టోమైసిస్ జాతి బ్యాక్టీరియా దాన్ని తయారుచేస్తుంది. తొలకరికి లేచే మట్టి వాసనకు 1964లో ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఇసాబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ ‘పెట్రికోర్’ అని పేరు పెట్టారు. అందులో ఈ జియోస్మిన్‌ది పెద్ద వాటా. మన ముక్కు దీన్ని ఎంత సూక్ష్మంగా పడుతుందంటే లక్ష కోట్ల పాళ్ళలో కొన్ని పాళ్ళున్నా చాలు. బీట్‌రూట్ తొక్క తీసేటప్పుడు వచ్చే మట్టి వాసన దానిదే. చెరువు చేపకు వచ్చే మట్టి వాసన కూడా దానిదే. పులుపు తగిలితే జియోస్మిన్ విరిగిపోతుంది, అందుకే చెరువు చేపను చింతపండు రసంతో కడుగుతారు. ఈ రసాయనం పేరు తెలియకుండానే మన అమ్మలు ఆ పని చేస్తూ వచ్చారు. వానకు వస్తే ప్రాణం లేచొచ్చే వాసన, చేపకు వస్తే కంచం పక్కకు నెట్టించే వాసన, రెండూ ఒకటే. సెంటులో కూడా ఒక్క వెంట్రుకవాసి తేడా చాలు.

ఎండుగడ్డి వాసనకు సెంటువాళ్ళు ఎక్కువగా కుమారిన్ వాడతారు. 1868లో పెర్కిన్ అనే ఇంగ్లండు రసాయన శాస్త్రజ్ఞుడు దాన్ని ల్యాబులో తయారుచేశాడు. 1882లో వచ్చిన ఫూజేర్ రాయాల్ అనే ఫ్రెంచి సెంటులో వాడాక దాని దశ తిరిగింది. నీకు ఇవన్నీ అక్కర్లేదు, మిర్యాలగూడ వైపు వరికోతలప్పుడు కొత్త గడ్డివాము పక్కన ఒక్క నిమిషం నిలబడు చాలు. ఆపిల్ సంగతి చిన్నది. ఆపిల్ నుంచి నూనె రాదు, సెంటులో ఉన్న ఆపిల్ అంతా వేరే పదార్థాలు కలిపి కట్టిన వాసనే. ఈ కాలపు పండు అంటే మనకు సీతాఫలమే. బాలానగర్ రకం అని దేశమంతా చెప్పుకునేది మన పాలమూరు పండే. దాన్ని గడ్డిలో మాగబెట్టినప్పటి వాసనను ఎవరైనా శీసాలోకి దింపితే నేను పెద్ద సీసా కళ్ళు మూసుకొని కొంటాను.

ఇప్పుడు ప్రయత్నం ఎలా చెయ్యాలో చెప్తాను. డిసెంబరు చివరో జనవరో, మంచు పట్టిన పొద్దున ఆరింటికి. స్నానానికి వాసన సబ్బు వద్దు, తలకు కొబ్బరినూనె వద్దు, అగరువత్తి వెలిగించకముందే కానివ్వాలి. తెల్ల కాగితాన్ని సన్నటి చీటీలా చింపి దాని కొసకు అగ్గిపుల్లతో చిన్న చుక్క అంటించు. నేరుగా ముక్కుకు ఆనించకు, జానెడు దూరం నుంచి ఊపు. మొదటి పది నిమిషాలు ఏ తీర్పూ ఇవ్వకు. చీటీని కిటికీ దగ్గర పెట్టి చాయ్ తాగి, మళ్ళీ చూడు. అరగంటకు, రెండు గంటలకు, సాయంత్రం. ప్రతిసారీ ఒక్క మాట కాగితం మీద రాసుకో. బాగుంది, బాగాలేదు అని కాదు, ఏది గుర్తొచ్చిందో రాయాలి. మనకు వాసనలకు ఎన్ని మాటలు! కమురు, మాడు, నీచు, పచ్చి, పొగచూరు, ముక్కినది, పులిసినది. ఇంగ్లీషు పేర్లు వెతుక్కుంటూ కూర్చుంటే అసలు వాసన జారిపోతుంది.

చీటీ మీద నచ్చితేనే ఒంటి మీదికి రా. సెంటుకు మోచేతి మడత మంచి చోటు, మెడ వద్దు. ముక్కుకు మరీ దగ్గరైతే రోజంతా నువ్వే దాని మధ్యలో కూర్చున్నట్టు ఉంటుంది, కాసేపటికి ముక్కు మొద్దుబారి ఏదీ తెలియదు. మణికట్లు ఒకదానికొకటి రుద్దితే వాసన అణువులు చితికిపోతాయని చెప్పేవాళ్ళున్నారు, అది ఉత్త మాట. రుద్దితే వేడి పుట్టి పైపై వాసన తొందరగా పోతుంది, అంతే. మధ్యమధ్య కాఫీ గింజలు వాసన చూడమంటారు, దానివల్ల కూడా పెద్ద లాభం లేదు. బయటికి పోయి నాలుగుసార్లు గాలి పీల్చు.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్తున్నా. ఆకురాలు కాలం సెంట్లలో దాల్చినచెక్క, లవంగం నూనెలు ఎక్కువ. రెండూ కొందరి చర్మాన్ని మండిస్తాయి. ఓక్ మాస్‌తోనూ అలెర్జీలున్నాయి, యూరపులో అందుకే దానిమీద ఆంక్షలు పెట్టారు. ముందు మోచేతి లోపల కందిగింజంత చోట రాసి ఒక రోజంతా చూడు. ఎర్రబడినా దురద పెట్టినా అక్కడితో ఆపెయ్యి, చీటీ మీదనే ఆనందించు. పెద్ద కంపెనీల డబ్బా మీద ఇవన్నీ రాసి ఉంటాయి. ఇంట్లో చేసేవాళ్ళు రాయకపోవచ్చు, అడిగితే మంచివాళ్ళు చెప్తారు. అడిగినా చెప్పనివాళ్ళ దగ్గర నేను కొనను.

పెద్ద సీసా విషయం. ‘నవంబరుతో అయిపోతుంది’ అనేది అబద్ధం కాకపోవచ్చు. ఒక్క మనిషి చేసే పని, సరుకు కొంచెమే ఉంటుంది. చెట్టు నుంచి వచ్చే నూనెలు పంటలాంటివి, ఏడాదికేడాది కొంచెం తేడా కూడా వస్తుంది. అయినా ఒక్కసారి, అదీ తప్పుడు వాతావరణంలో చూసిన సెంటుకు వేలు పెట్టకు. 1 ఎంఎల్ అంటే సుమారు ఇరవై చుక్కలు. నువ్వు పూసుకున్నదాన్ని బట్టి ఇంకా పది పన్నెండు మిగిలి ఉంటాయి, చీటీల మీద వాడితే రెండు చలికాలాలు వస్తాయి. పైగా పెద్ద సీసా అంటే పోస్టు ఖర్చు, దాని మీద కస్టమ్స్ సుంకం పడితే అదొక లెక్క. నీది నూనె సెంటు కాబట్టి నయం. ఆల్కహాలు సెంట్లను విమానంలో మండే సరుకు కింద చూస్తారు, చాలామంది చిన్న తయారీదారులు వాటిని దేశం దాటించరు. వచ్చే ఏడు ఆమె మళ్ళీ చేస్తుంది. చెయ్యకపోతే ఇంకొకరు చేస్తారు. న్యూయార్క్‌లో క్రిస్టఫర్ బ్రోసియస్ అని ఒకాయన మేపుల్ ఆకులు కాలే వాసన ఒక్కదాన్నే పట్టుకొని ‘బర్నింగ్ లీవ్స్’ అని సెంటు చేశాడు. ఈ వాసన మీద మోజు ఆ దేశాల్లో ఇప్పట్లో తీరేది కాదు.

ఈలోపు చలికాలానికి ఏదైనా కావాలనుకుంటే మన దగ్గరే ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. అత్తర్లలో కూడా కాలాలున్నాయి. వట్టివేరు, గులాబీ, మొగలి, మట్టి అత్తర్లు ఎండాకాలానివి. హీనా, శమామా చలికాలానివి. శమామాలో సుగంధ ద్రవ్యాలు, వేళ్ళు, బెరళ్ళు బోలెడు కలిపి బట్టీ పెడతారు. అందులో మన రాతిపువ్వూ ఉంటుంది. తుంగ జాతి గడ్డల నూనె, నాగరమోత, అదీ వేస్తారు. పొలంలో తుంగ పీకి పీకి విసిగిన రైతుకు చెప్తే నవ్వుతాడు గానీ, ఆ జాతి నూనెనే సిప్రియోల్ అని పరాయి దేశాల సెంటువాళ్ళు పొగ, తోలు వాసనల కోసం కొంటారు. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో రాగి దేగుల్లో, అంటే పెద్ద గుండిగల్లో, మట్టిపెళ్ళలు ఉడికించి, ఆ ఆవిరిని చందనం నూనెలో పట్టి మట్టి అత్తరు చేస్తారు. నీ అమెరికా శీసాలోని తడి మట్టితో దాన్ని పక్కపక్కన పెట్టి చూడు, ఒకటి ఎండిన నేల మీద తొలి వాన, ఇంకొకటి ఎండే ఎరగని నేల. చార్మినార్ పక్కన దొరుకుతాయి. జనవరిలో జాన్‌పహాడ్ దర్గా ఉర్సుకు పోతే అక్కడ పెట్టెలు పెట్టుకొని కూర్చునేవాళ్ళ దగ్గరా అడుగు. దూదికి అద్ది ఇస్తారు, డబ్బులు తీసుకోరు. చవకగా ఇచ్చే మట్టి అత్తరులో చందనం ఉంటుందని మాత్రం ఆశ పెట్టుకోకు, వాసన లేని ఏదో నూనెలో కలిపి అమ్ముతారు.

మిగతా రెండు శీసాలు గుమ్మడికాయ, దాల్చినచెక్క అని రాశావు. వాటికి చలి అంత అవసరం లేదు, తీపి వాసనలు కాబట్టి సాయంత్రం ఫ్యాను కింద చూసినా తెలుస్తాయి. అయితే బాగా దగ్గరికొస్తే బెల్లం పాకం మాడినట్టు ఉంటాయి, అది వాటి స్వభావం.

అమ్మకు తలనొప్పి వస్తుందన్నావు కదా, దిండు మీద, దుప్పటి మీద వెయ్యకు. నూలు చున్నీ కొసకు ఒక చుక్క చాలు. పట్టు వాటికి అసలు వద్దు, ఆ నూనె మరక ఉతికినా పోదు.